ఒక ఇంజనుకు రెండు గంటలు

కుప్పం,
ఆదివారం.

పుంగనూరులోని మా పద్మక్కకు, బావకు చెల్లెలు సుజాత దండాలు పెట్టి రాసేది. బావ నడుము నొప్పి తగ్గిందా? పాప ఏడవకుండా బడికి పోతోందా? నిమ్మనపల్లెలో అమ్మ మాత్రలు వేసుకుంటోందా, నువ్వు అడిగితే వేసుకున్నానని చెబుతోందా? నేను బాగున్నాను. వేళకు తింటున్నాను. నా గురించి దిగులు పెట్టుకోవద్దు. కడుపు నిండుగానే ఉంది, కడుపుమంట కూడా నిండుగానే ఉంది. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఎలా చెప్పేది? ఆ మంట పెట్టిన మనిషి నా పక్క మంచం మీదే పడుకుంటుంది.

ఇక్కడ పొద్దున మంచు, సాయంత్రం జల్లు. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు, నాకు సయించదు. మదనపల్లె మండీలో టమాటాలు ఏరిన చేతులు బొమ్మ రైలింజన్లకు ఇత్తడి సామాన్లు చేస్తున్నాయంటే నాకే నవ్వొస్తుంది. పిల్లలు ఆడుకునే బొమ్మలు కావక్కా. విదేశాల్లో పెద్ద పెద్ద మగవాళ్లు అద్దాల బీరువాల్లో పెట్టుకుని మురిసిపోతారట. ఇంజను జానెడు. దాని దీపం, ఈల, పట్టుకుని ఎక్కే కడ్డీలు అన్నీ ఇత్తడితో చేసి టంకంతో అతకాలి. పైన ఉండే గంట బియ్యపు గింజంత. మీ ఊరి పొట్టి ఆవుల మెడకు కడితే వాటికే సిగ్గేస్తుంది. మొదట్లో నేను తుమ్మి ఒకటి ఎగరగొట్టాను, ఇప్పటికీ దొరకలేదు.

ఇక నాగవేణి సంగతి. వెంకటగిరికోట పిల్ల. టంకం పెట్టడం ఆమెకు నేర్పింది నేనే. నేర్చుకున్నాక ఊరుకోవాలి కదా! మా సూపర్వైజర్ రఘన్న ఆమె చేసినదాన్ని భూతద్దం కింద పెట్టి, "సూడండమ్మా, అతుకు యాడుండాదో కనపడతాందా?" అని అందరినీ పిలుస్తాడు. నా పని చూసి "బాగుండాది" అంటాడు. ఆయన క్యాంటీన్ ఉప్మాను కూడా "బాగుండాది" అనే అంటాడక్కా. నాగవేణి చెయ్యి వణకదు. పడుకోగానే నిద్ర పడుతుంది. జడ కూడా నాకంటే పొడుగే. చూస్తుంటే ఒళ్లు మండిపోతుంది.

మొన్న కిటికీ పక్కన శాంపిల్ బల్ల ఖాళీ అయింది. కొత్త ఇంజను మొదటి నమూనా చేసేది ఆ బల్ల దగ్గరే. అక్కడ కూర్చున్న మనిషి చేసిందాన్ని చూసి మిగతావాళ్లంతా చేయాలి. రఘన్న నాకూ నాగవేణికీ చెరొక ఇంజను ఇచ్చి, బాగా చేసినవాళ్లకే బల్ల అన్నాడు. నాకు రావాలని గంగమ్మకు ఎంత మొక్కుకున్నానో.

నాది పూర్తయింది. ఆమె ఇంకా వంగి నింపాదిగా చేస్తోంది, రఘన్న పక్కన నిలబడి మెచ్చుకుంటున్నాడు. నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. ఆయన అటు పోగానే, "ఆ ఇంజనుకు రెండు గంటలు సాలమ్మా" అనేసి వచ్చేశాను. అంత సేపు ఎందుకని నా ఎత్తిపొడుపు. మరునాడు చూస్తే ఆమె ఇంజను మీద రెండు గంటలున్నాయి! పక్కపక్కనే, కవల పిల్లల్లా. నీ దగ్గర దాచడమెందుకు, బల్ల నాదేనని నా ప్రాణం లేచొచ్చింది.

రఘన్న అరిచాడు. "కాయితం మీద గీసిన బొమ్మలో ఒక గంటే కదమ్మా ఉండేది! ఎవురు సెప్పినారు నీకు రెండని?"

నాగవేణి తల వంచుకుంది. "ఎవురూ సెప్పలేదన్నా. నాకే తెలీలేదు."

నా పేరు చెప్పలేదక్కా! చెప్పి ఉంటే అందరి ముందూ జుట్టూ జుట్టూ పట్టుకునేదాన్ని. మంచితనంలో కూడా నన్ను మించాలా? అదే తట్టుకోలేక, "నేనే సెప్పినానన్నా. గంటలంటే టైము!" అని అరిచాను. అందరూ పగలబడి నవ్వారు.

"బొమ్మ సూడలేదా నువ్వు?" అని రఘన్న ఆమెను అడిగాడు.

"సూసినానన్నా. అక్క సెప్పినాక ఇంగ బొమ్మెందుకు?"

ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, కోపం మాత్రం తగ్గలేదు. రెండో గంటను నన్నే తీయమన్నాడు. కాచి, పట్టకారుతో తీసి, తుడిచాను. రఘన్న ఇంజనును నా చేతికే ఇచ్చి, "యాడ పీకితివో సూపీ" అన్నాడు. భూతద్దం కింద అటూ ఇటూ తిప్పాను. చూపించలేకపోయాను, మరక కూడా మిగలనంత సన్నంగా అతికింది ఆ పిల్ల. బల్ల నాగవేణికి వెళ్లింది.

తీసిన గంటను రఘన్న నన్నే ఉంచుకోమన్నాడు. ఈ కవర్లో దూదిలో చుట్టి పెట్టాను. పాప చేతికివ్వకు, మింగేస్తుంది. నీ తాళాల గుత్తికి దారంతో కట్టుకో. కవరు తెచ్చే గోపాలప్పన్న చేతికే చెనక్కాయల పొడి ఇచ్చి పంపు. కొంచెం ఎక్కువే పంపు. ఆ మహాతల్లి కూడా నా డబ్బాలోదే తింటుంది.

అమ్మకు, బావకు నా దండాలు. నా చెయ్యి కుదురుగా నిలవాలని పెద్దవాళ్లంతా ఒక్క మాట దీవించండి. పాపకు ముద్దులు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుజాత

మరిచాను: ఆ గంట ఎవరు చేశారని అక్కడ ఎవరైనా అడుగుతారు. మా చెల్లెలు చేసిందని చెప్పక్కా.