నిన్నటి బఠాణీలు

మార్చి 3
రోజూ ఏం తిన్నానో రాసుకురమ్మంది డాక్టరమ్మ. నాకు అక్షరం రాదు. నేను చెబుతాను, కోడలు రాస్తుంది. ఉన్నదున్నట్టు రాయవే. నిన్న సాయంత్రం గుప్పెడు బఠాణీలు, రొట్టె ముక్క. పొద్దున వాంతి. బఠాణీలు గుండ్రంగా, పచ్చగా, నన్నే చూస్తున్నాయి.

మార్చి 5
ముప్పై ఏళ్లు స్టేషన్లో సామాన్ల గది చూసుకున్నాను. చీటీలు చదవలేను కనుక సంచి సంచికీ ఒక్కో లెక్కన ముడులేసిన దారం కట్టేదాన్ని. ఒక్కటీ తారుమారు కాలేదు. ఇప్పుడు నా పొట్టే ఆ గది. దిగిన సామాను కదలదు, రెండు ముద్దలకే తలుపు మూసుకుంటుంది. కొడుకు నవ్వాడు. నువ్వు బిస్కెట్ల డబ్బా జోలికి పోకుంటే చాలమ్మా అన్నాడు. వీడికి పాలిచ్చి పెంచాను.

(ఇది కోడలి మాట, అత్తయ్యకు చదివి వినిపించను. వేళ కాని వేళ షుగర్ పెరుగుతోంది. దొంగచాటుగా తీపి తింటున్నారని నా అనుమానం.)

మార్చి 6
ఏమీ తినలేదు. అయినా నిండుగా ఉంది.

మార్చి 9
డాక్టరమ్మ పుస్తకం చూసింది, నా మొహం చూడలేదు. ఇన్సులిన్ పెంచింది.

మార్చి 11, మధ్యాహ్నం
సూది వేసుకుని తిన్నాను. తిన్నది పైనే కూర్చుంది, మందు దాని పని అది చేసుకుపోయింది. నేల నీళ్లయింది. సంచులన్నీ మెల్లగా లేచి తేలాయి. ఒక్కదానికీ దారం లేదు. ఎవరివే మీరు అని అడిగాను. నీవే అన్నాయి. చల్లగా, హాయిగా ఉంది. వెళ్లిపోదామనిపించింది. గాలితో మాట్లాడుతున్నానట. షుగర్ పడిపోయిందని కోడలు పంచదార నీళ్లు తాగించింది.

మార్చి 12
కోడలు ఏడ్చింది. అయిదో తారీఖు కింద ఏం కలిపిందో చదివి వినిపించింది. నా మీద చాడీ నా చేతే మోయించావు కదే అన్నాను. ఆ మాట కొట్టేస్తానంది. వద్దు, ఉండనీ. పక్కనే ఇది రాయి: అత్త దొంగ కాదు.

మార్చి 19
ఆసుపత్రిలో గుడ్డు తినిపించి గంట గంటకీ పొట్ట స్కాన్ తీశారు. నాలుగు గంటలైనా సగం అక్కడే ఉంది. పాతికేళ్ల షుగర్‌కి పొట్ట నరాలు మొద్దుబారాయట. మెత్తగా, కొంచెం కొంచెంగా తినాలట. డాక్టరమ్మ ఇన్సులిన్ తగ్గించి, వేళ మార్చింది. మొదటిరోజే రాశాం కదమ్మా బఠాణీల సంగతి అన్నాను. కోడలి మాట దగ్గరే ఆగిపోయాను పెద్దమ్మా, తప్పు నాదే అంది. ఒప్పుకుంది కనుక వదిలేశాను.

మార్చి 20
అత్తయ్య ఈ రోజు ఏమీ చెప్పలేదు. పుస్తకానికి ముడులేసిన దారం ఒకటి కట్టారు. ఏముంది ఈ ముడుల్లో అని అడిగాను. నీకు చదవడం రాదులే అన్నారు.