కారు ఇంజనులో కొబ్బరినూనె

కొత్తపేట, 1981 జనవరి 9, శుక్రవారం

నా పేరు మార్తమ్మ, వయసు డెబ్భై రెండు. ఇంట్లో నేను, కొడుకు ఏసుబాబు, ఇది రాస్తున్న కోడలు సుగుణ ఉంటాం.

మా ఆయన వదిలివెళ్లిన రెండు సీట్ల స్పోర్ట్సు కారు ఇంజను పోయిన నెల తిరక్కుండా పట్టేసింది. మెకానిక్ సత్యమే పాడుచేశాడని పదిమందిలో తిట్టాను. అప్పటినుంచి అతని షెడ్డుకి బళ్లు రావడం లేదు.

ఇవాళ అతనే అంబాసిడర్ ఇంజను బిగించి, పాతది విప్పి చూపించాడు.

"లోపలంతా కొబ్బరినూనె గడ్డకట్టిందండి, అమ్మగారూ. ఎవరు పోసేరండి?"

"తుప్పు పట్టకూడదని నేనే పోసేను."

"ఆయ్. తలకైతే మంచిదేనండి."

కొత్త ఇంజను మోగుతున్నా నాకు సంతోషం అనిపించలేదు. తప్పు నాది, సత్యానిది కాదు. ఈ పేజీ చింపి రేపు అతని షెడ్డు తలుపుకి అంటించమన్నాను.

"పరువు పోతుందండి, అత్తయ్యగారూ" అంటోంది సుగుణ. అది కూడా రాయమన్నాను.

మార్తమ్మ వేలిముద్ర. 
సాక్షులు: ఏసుబాబు, సుగుణ.