నా పేరు ఎదుట సున్న చుట్టవలసిందిగా మనవి

సభా కార్యదర్శి గారి సముఖమునకు, మంగళవారం

అయ్యా,

విషయం: నిన్నటి రహస్య సమావేశంలో నేను నిద్రలో ఉన్నట్టు రికార్డు సవరించుట గురించి.

ఏ అర్జీకైనా ముందు విషయము, పిదప విన్నపము, చివర సంతకము ఉండవలెననియు, ఈ వరుస తప్పిన అర్జీ తలకిందులుగా నడిచే మనిషి వంటిదనియు తమ కార్యాలయపు సర్క్యులర్ చెప్పుచున్నది. యుద్ధకాలంలో క్రమము తప్పిన సభ్యుడు శత్రువుకు సగం పటాలంతో సమానమని తమరే సెలవిచ్చారు. కనుక క్రమముగానే మనవి చేసుకొనుచున్నాను. ఆ సమావేశంలో తమరు కూడా ఉన్నారు గనుక, ఇందులోని సంగతి సీలు వేసిన కవరులో తమకు చెప్పుట రహస్యం బయటపెట్టుట కాజాలదు.

1. నేను పదకొండేళ్లుగా చివరి బెంచీలో, మూడో స్తంభం వెనుక కూర్చుండు సభ్యుడను. చేయి ఎత్తమన్నప్పుడు ఎత్తుట, దించమన్నప్పుడు దించుట, మిగిలిన వేళల్లో నిద్రించుట నా విధులు. నిద్రించిన సభ్యుని పేరు ఎదుట హాజరు గుమస్తా సున్న చుట్టవలెననియు, సున్న ఉన్నవాడు ఆ చర్చను విననట్టే పరిగణింపబడుననియు సభా నిబంధన. నా పేరు ఎదుట సున్నలను వరుసగా చూసినచో ముత్యాల సరం వలె ఉండును.

2. అయితే బెంచీల మీది దిండ్లను సైనిక ఆసుపత్రికి తరలించినందున నిన్న నాకు నిద్ర పట్టలేదు. అందుచేత, మా నియోజకవర్గంలోని ఏటి వంతెనను గురువారం తెల్లవారగానే మన సైన్యమే పేల్చివేయునని రక్షణ మంత్రిగారు చెప్పగా రెండు చెవులా విన్నాను. వంతెనకు అవతల నలభై రెండు ఇళ్ల వీధి ఉన్నది. శత్రువు వచ్చుచున్నది ఆ వైపు నుంచే. ఆ ఇళ్లవారిని ఇవతలకు దాటించుట గురించి మంత్రిగారి కాగితంలో ఒక్క పంక్తి లేదు.

3. నేను లేచి ప్రశ్న అడిగాను. పదకొండేళ్లలో ఇదే మొదటిది.

"ఆ వీధివాళ్లకి చెబుతారాండీ?"

"ఎందుకు చెప్పం? నోటీసు తయారుగా ఉంది."

"ఎప్పుడిస్తారు?"

"పేల్చాక. ముందే ఇస్తే సామాన్లు సర్దుకుంటారు. సర్దుకుంటే శత్రువు పసిగట్టేస్తాడు."

సభ బల్లలు చరిచింది. అలవాటు చొప్పున నేనూ చరిచాను. ఈ సంగతి రికార్డులో ఉంచుటకు నాకు అభ్యంతరం లేదు. ఉంచవలెను కూడా.

4. ఆ వీధిలో ఆరో ఇల్లు మా అక్కది. కుట్టుమిషను మీద బతుకుచున్నది. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేయును. నేడు కూడా చేసినది.

"ఏరా, గొంతేంటి అలా ఉంది? జలుబా?"

"ఏం లేదక్కా. రేపొకసారి మా ఇంటికి రారాదూ?"

"రేపా! పన్నెండు జతల స్కూలు బట్టలు మిషను మీదున్నాయిరా. శనివారం వస్తాలే."

శనివారం అన్న మాట వినలేక ఫోన్ పెట్టివేశాను. విన్నది తోబుట్టువుకైనా చెప్పనని ప్రమాణం చేసి ఉన్నాను. చెప్పినచో జైలు. ఆమె ఒక్కతె వచ్చినంత మాత్రాన మిగిలిన నలభై ఒక్క ఇళ్లు నడిచి రావు.

5. హాజరు గుమస్తాను కలిసి, సున్న చుట్టమని బతిమాలాను.

"నిద్రపోయేవాళ్లు ప్రశ్నలడుగుతారా సార్?"

"మంత్రిగారు జవాబులు చెప్పలేదూ?"

గుమస్తా నవ్వలేదు. "నిద్రలో మాట్లాడితే అది కలవరింత సార్. దానికి రహస్యం రూలు వర్తించదు. కానీ మీకు కలవరించే అలవాటున్నట్టు రికార్డులో లేదే! గురక మాత్రమే ఉంది."

కావున, నా పేరు ఎదుట సున్న చుట్టించి, ప్రమాణం నుంచి నన్ను విడిపించుచు, బుధవారం మధ్యాహ్నం మూడు గంటల లోగా ఉత్తర్వులు దయచేయ ప్రార్థన. గురువారం అందిన ఉత్తర్వును అవతలి గట్టుకు తీసుకొని పోవుటకు దారి ఉండదు. పదకొండేళ్లలో ఒక్క పూట మెలకువగా ఉన్న నేరం నాది. శిక్ష వారికి పడరాదు. ఈ ఒక్క అర్జీని కునుకు తీయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చివరి బెంచీ సభ్యుడు
(మూడో స్తంభం వెనుక)

తా.క.: బుధవారం, మూడు గంటల పది నిమిషాలు. మూడు నకళ్లు జతపరచలేదని అర్జీ తిరిగి వచ్చినది. ఇప్పుడు జతపరిచాను. ఈ తా.క.ను అక్క ఇంటి గుమ్మం ముందు, మడతమంచం మీద పడుకొని వ్రాయుచున్నాను. అక్క ప్రతి తలుపూ తట్టుచున్నది.

"రండమ్మా, రండి! మా తమ్ముడు నిద్రపోతాడట, విని వెళ్లండి!"

"నిద్రపోతే వినేదేముంటుంది వదినా?"

"నాకేం తెలుసే! 'అందర్నీ పిలువక్కా, పిల్లల్ని ఎత్తుకునే రమ్మను, తోపుడు బండ్లు కూడా తెమ్మను' అన్నాడు. జన్మలో మొదటిసారి వాడి మొహంలో మెలకువ చూశాను. రండి, రండి!"

వీధి నిండినది. ఈ కాగితం మడిచి కళ్లు మూసుకోబోవుచున్నాను. కలవరించే అలవాటు రికార్డులో లేదన్న లోపం మరి కొద్ది నిమిషాలలో తీరును. ఇందుమూలముగా ప్రకటించడమైనది: సభ్యుడు ఎక్కడ, ఏ పూట, ఎంత బిగ్గరగా కలవరించినను అది నిద్రయే. చివరి ఇల్లు వంతెన దాటువరకు అతనిని ఎవరును లేపరాదు. ఇదే తుది నిబంధన. దీనిపై అప్పీలు లేదు.