మూడు డబ్బాల కిరసనాయిలు

సర్వే క్యాంపు, కొల్లేరు.
1936 ఫిబ్రవరి 10, సోమవారం.

మీరు నన్ను మోసం చేశారు. క్షేమసమాచారాలు తరవాత, అవసరమైతే రాస్తాను.

పాత్రల కొట్టు మొహిద్దీన్ సాహెబు గారూ, కిందటి నెలలో మీ కొట్టుకొచ్చి, మూడు నెలలు కొల్లేట్లో తిరగాలి, నలుగురికి వంట, తేలిక సామాను ఇవ్వండి అని అడిగిన, సర్వే గొలుసు పట్టే లస్కరుని నేనే. పేరు బంగార్రాజు. మీరిచ్చిన ఇత్తడి గుండిగ నాలుగు వీశెలుంది. తాటి దోనెలో ఒక చివర నేనూ, ఒక చివర గుండిగా కూర్చుంటే దోనె గుండిగ వైపు ఒరిగింది. కొట్లో దాన్ని ఎత్తి చూపించింది మీ తమ్ముడు ఖాదర్ గారు. ఆయన చేతుల్లో ఏదైనా తేలిగ్గానే కనపడుతుందని నాకప్పుడు తట్టలేదు.

ఇంకోటి. ఇక్కడ పుల్ల దొరకదు. ఉన్నదల్లా కిక్కిస గడ్డి. అంటించి గిన్నె అందుకునేలోపు బూడిదవుతుంది. అందుకని మీ పంపు స్టవ్వు కొన్నాం. ఆఫీసువారు మూడు నెలలకి మూడు డబ్బాల కిరసనాయిలు ఇచ్చారు. మీ గుండిగ వేడెక్కడానికే పావుగంట పడుతోంది. పది రోజుల్లో ఒక డబ్బా అయిపోయింది. మిగతా రెండూ అయిపోతే కొత్త మంజూరు కాగితం వచ్చేదాకా అటుకులు నానబెట్టుకు తింటూ ఇక్కడే కూర్చోవాలి. అది నెలా పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు.

అసలే మా ఓవర్సీరు హనుమంతరావు గారికి మోకాళ్ల నొప్పులు. బురదలో దిగితే మధ్యాహ్నానికి గూడారంలో పడుకుంటారు. వారానికి రెండు రోజులు అసలు లేవరు. ఆయన లేవకపోతే కొలత లేదు.

మే ఒకటిన తాడేపల్లిగూడెంలో నా పెళ్లి. ఇలాంటి క్యాంపుల వల్ల ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. పిల్ల తండ్రి జోగారావు గారు "మూడోసారి పీటల మీద నువ్వు లేకపోతే వేరే వాణ్ణి కూర్చోబెడతా" అన్నారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. అదే నా భయం.

గుండిగ తిప్పి పంపుతున్నాను. తేలిక సామాను గురువారం పడవకి నాకు అందాలి.

ఇట్లు,
మోసపోయిన బంగార్రాజు.

తా.క. నేను నాలుగో క్లాసు దాకానే చదివాను. తరవాత పకోడీల పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నాను. కాబట్టి మీరు రాసేది ఎంత గట్టిగా రాసినా నాకు అర్థమవుతుంది.


ఏలూరు,
ఫిబ్రవరి 12.

శ్రీ బంగార్రాజు గారికి మొహిద్దీన్ సలాములు. ఇక్కడ మేమంతా కులాసా అండీ. మీరూ కులాసాయే అయి ఉంటారు, కోపంలో ఉన్నవారికి సాధారణంగా ఆరోగ్యం బాగుంటుందండీ.

మీరు తేలికైనది అడిగిన మాట నిజమే. తరవాత "గట్టిగా కూడా ఉండాలి" అన్నారు. నేను రెండో మాట పట్టుకున్నానండీ. తప్పు నాదే.

మూడు సత్తు గిన్నెలు పంపుతున్నాను. ఒకదానిలో ఒకటి దూరతాయి. మూతలే కంచాలు. మూడూ కలిపినా వీశె తూగవు. అడుగు పల్చన గనక వెంటనే కాగుతాయండీ. మూత తియ్యకుండా వండండి. బియ్యం ఓ గంట ముందు నానబెట్టండి. అయిపోయిన కిరసనాయిలు డబ్బా ఒక పక్క కోసి స్టవ్వు చుట్టూ నిలబెడితే గాలి తగలదు. మంట గిన్నె అడుగు దాటి పక్కలకి పాకితే ఆ పాకిందంతా కొల్లేటిని కాగబెట్టినట్టేనండీ.

వాటిలో చింతపండు పులుసు మాత్రం పెట్టకండి, నల్లబడతాయి. పులుసుకి మట్టి దాక వాడండి.

ఇట్లు,
మీ మేలు కోరే మొహిద్దీన్.

తా.క. మా ఆవిడ రహీమున్నీసా మీ ఉత్తరం చదివించుకుంది. పిల్ల పేరు రాయలేదేమని అడుగుతోందండీ.


సర్వే క్యాంపు,
ఫిబ్రవరి 24, సోమవారం.

మీ గిన్నె పారిపోయింది.

నేను అబద్ధం రాయను. అన్నం తిన్నాక గిన్నె ఒడ్డున నీళ్లలో వదిలాను. ఇక్కడ అందరూ అదే చేస్తారు. చిన్నచేపలు వచ్చి మెతుకులు తినేస్తాయి, తోమే పని తగ్గుతుంది. ఇత్తడిదైతే మునిగి మర్యాదగా కూర్చునేది. మీ సత్తుది నేను చేతులు కడుక్కునే లోపల తేలి, గాలికి బయల్దేరింది. దాని వెనకాలే ఒక గూడబాతు కూడా ఈదుకుంటూ పోయింది, తన పిల్ల అనుకుందో ఏమో.

రెండు మైళ్లు దోనె తోసుకుంటూ వెళ్లాను. చేపలు పట్టే దానమ్మ అనే ఆవిడ దొరకబుచ్చుకుని, దాంతో తన దోనెలో నీళ్లు తోడి పోస్తోంది.

"అది మాది" అన్నాను.

"నీదైతే నీ దగ్గరే ఉండేది కదా నాయనా" అంది.

"సర్కారు సర్వే వాళ్లది."

"అయితే సర్వే చేసి పట్టుకోలేకపోయారా? ఎంత తేలిగ్గా ఉందో చెయ్యి నొప్పెట్టట్లేదు. నేనివ్వను."

చివరికి ఆవిడ చేపల మడుగు ఎవరో ఆక్రమించారని తాసీల్దారు గారికి అర్జీ రాసిచ్చి గిన్నె విడిపించుకున్నాను. అర్జీ నాలుగు పేజీలు వచ్చింది. ఆవిడ కోపమూ నా కోపమూ రెండూ అందులోనే రాశాను.

కోసిన డబ్బా బాగానే పనిచేస్తోంది. మూత కూడా. కానీ లెక్క చూశాను. ఈ తీరున వండితే రెండు డబ్బాలు మార్చి ఆఖరుకి చెల్లు. పని ఏప్రిల్ పదిహేను దాకా ఉంది. ఈ మధ్య పదిహేను రోజులూ మేము ఏం తినాలో శనివారం లోపు రాయండి.

ఇట్లు,
ఇంకా నమ్మకం కుదరని బంగార్రాజు.

తా.క. పిల్ల పేరు నాగరత్నం. ఇది పాత్రల వ్యవహారానికి సంబంధించింది కాదు.


ఏలూరు,
ఫిబ్రవరి 27.

బంగార్రాజు గారికి సలాములు.

గిన్నె తేలుతుందని ముందే చెప్పకపోవడం నా తప్పేనండీ. తేలిక సామాను అడిగినవారికి అది విడిగా చెప్పాలని ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. ఇకమీదట గిన్నెలో ఓ రాయి పెట్టి వదలండి.

కిరసనాయిలు సంగతి మా ఆవిడ చెప్పిందండీ, నేను రాస్తున్నాను. మీరు గంజి వారుస్తున్నారా? వార్చకండి. అత్తెసరు పెట్టండి. నీళ్లు ఎంత పోశారో అంతా కాగబెట్టి, సగం వార్చి పారబోస్తే ఆ వేడంతా ఎవరికండీ? నీళ్లు సరిగ్గా కొలిచి పోసి, బియ్యం ఉడుకు పట్టాక రెండొందలు లెక్కపెట్టి, దింపెయ్యండి. స్టవ్వు ఆర్పెయ్యండి. గడ్డి కూరిన గంపలో గిన్నె పెట్టి, పైన మళ్లీ గడ్డి, ఆపైన బొంత కప్పండి. గంట సేపు ముట్టుకోకండి. దాని వేడికి అదే ఉడుకుతుంది. చూడాలనిపిస్తుంది, చూడకండి. పప్పుకి మాత్రం రెండు గంటలు.

ఇట్లు,
మొహిద్దీన్.

తా.క. మీకు ఇంత వంట వచ్చని నాగరత్నమ్మ గారికి తెలుసా అండీ? తెలియకపోతే పెళ్లయ్యేదాకా చెప్పవద్దని మా ఆవిడ సలహా.


సర్వే క్యాంపు,
మార్చి 16, సోమవారం.

నేను తొందరపడి మోసం అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గుండిగ విషయంలో మాత్రం తీసుకోవడం లేదు.

మొదటి రోజు గిన్నెను గంపలో పెట్టి, నా బొంత కప్పి పక్కనే కూర్చున్నాను. ఓవర్సీరు గారొచ్చి చూశారు.

"ఎవరికోయ్ జ్వరం?"

"ఎవరికీ లేదండీ. అన్నం అండీ."

"అన్నానికి బొంతేవిటి? పొయ్యి వెలిగించకుండా నన్ను పస్తు పడుకోబెడతావా?"

గంట తరవాత మూత తీశాను. ఆవిరి ఆయన కళ్లజోడు కమ్మేసింది. రెండో వాయి అడిగి మరీ తిన్నారు.

పదిహేను రోజులకి పావు డబ్బా కూడా ఖర్చు కాలేదు. ఇంకా డబ్బా పైనే మిగిలి ఉంది. ఓవర్సీరు గారు ఆఫీసుకి రిపోర్టు రాస్తూ నా పేరు కూడా పెట్టారు. ఆఫీసు కాగితం మీద నా పేరు ఎక్కడం ఇది రెండోసారి. మొదటిసారి జరిమానా.

ఇట్లు,
బంగార్రాజు.

తా.క. నా బొంత అన్నం వాసన వేస్తోంది. తోటి లస్కరు నా పక్క వదిలి వెళ్లడం లేదు.


సర్వే క్యాంపు,
మార్చి 26, గురువారం.

మీరూ, మీ ఆవిడగారూ కలిసి నా పెళ్లి చెడగొట్టారు.

రిపోర్టు చూసి ఆఫీసువారు జవాబు పంపారు. "క్యాంపులో కిరసనాయిలు మిక్కిలిగా మిగిలియున్నందున దక్షిణపు లంకలు కూడా కొలవవలెను. ఉన్న కిరసనాయిలు అయిపోవు వరకు పని సాగించి, పిదప క్యాంపు ఎత్తివేయవలెను." మేం మామూలుగా తింటే అది జూన్ దాకా వస్తుంది. ఓవర్సీరు గారి మోకాళ్లతో ఆ లంకల పనీ మే ఆఖరు దాకా సాగుతుంది. సెలవడిగాను. "నువ్వు వెళ్తే అన్నానికి బొంత ఎవడు కప్పుతాడు?" అన్నారు.

ఈసారి అయిపోతే కొత్త మంజూరు లేదు, ఎత్తెయ్యడమే. కాబట్టి నాకు కిరసనాయిలు తగలబెట్టాలి. పారబొయ్యను, అది దొంగతనం. వంటకే తగలబెడతాను. మీ కొట్లో అన్నిటికన్నా బరువైన, మందమైన, మూతలేని గుండిగ పంపండి. మంగళవారం పడవకి రావాలి.

ఇట్లు,
అన్నివిధాలా నష్టపోయిన బంగార్రాజు.

తా.క. తేలికది వద్దు. ఈసారి ఖాదర్ గారు కూడా ఎత్తలేనిది కావాలి.


ఏలూరు,
మార్చి 29.

బంగార్రాజు గారికి సలాములు.

కిరసనాయిలు ఎక్కువ తాగే పాత్ర కావాలని అడిగినవారు ఇంతవరకూ ఎవరూ లేరండీ. రెండు రోజులు వెతికాను. ద్వారకా తిరుమలలో సంతర్పణ చేసేవారి దగ్గర పాతది ఒకటి దొరికింది. ఎనిమిది వీశెలు. మా తమ్ముడు ఎత్తబోయి కూర్చుండిపోయాడు. ఇంకా లేవలేదండీ. పెద్ద పడవలో పంపుతున్నాను, దయచేసి దోనెలో పెట్టకండి.

నలుగురి అన్నం దాంట్లో అడుగున ఎక్కడో కనపడుతుంది. నిండా నీళ్లు కాస్తే మాత్రం మీ పని జరుగుతుంది.

ఇట్లు,
మీ పెళ్లి కోరే మొహిద్దీన్.

తా.క. వేడినీళ్లు ఊరికే పారబొయ్యడం పాపం అంటోంది మా ఆవిడ. ఎవరికైనా కాళ్లనొప్పులుంటే పొయ్యమంటోందండీ.


సర్వే క్యాంపు,
ఏప్రిల్ 23, గురువారం.

ఈ గుండిగ కూడా నన్ను మోసం చేసింది.

ఏప్రిల్ ఒకటి నుంచి రెండు పూటలా నిండా నీళ్లు కాచాను. ఈ ఎండల్లో వేడినీళ్లు పోసుకోమంటే లస్కర్లు ఇద్దరూ పారిపోయారు. మిగిలింది ఓవర్సీరు గారు. మీ ఆవిడగారు చెప్పారు గదా అని ఆయన మోకాళ్ల మీద పోశాను. మూడో రోజుకి ఆయన చెయ్యి ఆసరా లేకుండా లేచారు. ఆరో రోజుకి తొడల లోతు బురదలో కర్ర పట్టుకుని నిలబడి "వెనకబడ్డావేమోయ్ బంగార్రాజూ, పెళ్లికొడుకువి" అన్నారు. తరవాత ఒక్క రోజు కూడా పడుకోలేదు. పొద్దున్న దిగితే పొద్దు వాలేదాకా కొలతే, ఇక నాకు నీళ్లు కాచే తీరికే లేదు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు నాకు.

నిన్నటితో మా పటంలో ఉన్న కొల్లేరు అయిపోయింది. కొలవడానికి ఇంకేమీ లేదు. ఎల్లుండి క్యాంపు ఎత్తేస్తున్నాం. నేను అంత కష్టపడి తగలబెట్టినా పావు డబ్బా మిగిలింది. ఎందుకు మిగిలిందో సంజాయిషీ రాయమన్నారు. "పని ముందే అయిపోయినందువల్ల" అని రాశాను. ఆఫీసువారు నమ్మరు.

ఓవర్సీరు గారు సంతోషం పట్టలేక జోగారావు గారికి ఉత్తరం రాశారు. మీ అల్లుడు అన్నాన్ని బొంత కప్పి పడుకోబెట్టి వండుతాడు, నాకు కాళ్లు తెప్పించాడు అని. నా వంట సంగతి దాచమన్న మీ ఆవిడగారి సలహా అలా గాలికి పోయింది. నాగరత్నం, ఆ గంప తనకి కూడా ఒకటి కావాలని కబురు చేసింది.

ఇట్లు,
బంగార్రాజు.

తా.క. పెళ్లి వంట ఆ ఎనిమిది వీశెల గుండిగలోనే. దాన్ని ఏలూరు స్టేషన్లో దింపి వెళ్తాను. ఖాదర్ గారు లేచి ఉంటే దాన్ని తీసుకుని ఆయనా, మీరూ, రహీమున్నీసా గారూ ముప్పయ్యో తేదీకే తాడేపల్లిగూడెం రావాలి. గంపలో బొంత ఎలా కప్పాలో నాగరత్నానికి ఆవిడే చూపించాలి, నేను చూపిస్తే జీవితాంతం నేనే కప్పాలి. వస్తున్నట్టు ఉత్తరం ఏప్రిల్ 28 మంగళవారం లోపు జోగారావు గారింటికి చేరాలి. చేరకపోతే మీరు నన్ను మోసం చేశారని మళ్లీ మొదటినుంచి రాయడం మొదలుపెడతాను.