తొమ్మిదో చక్రం తిప్పిన చేయి

నీటి సరఫరా శాఖ విచారణాధికారి గారి సముఖమునకు,
పంపుహౌసు సూపర్‌వైజరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వాల్వు ఆపరేటరు గారి సస్పెన్షన్ రద్దు చేయుట, నాకిచ్చిన ప్రశంసాపత్రం వెనక్కి తీసుకొనుట గురించి.

1. సైన్యంలో కొందరు ప్రభుత్వాన్ని కూలదోయ వస్తే, ఉద్యోగులు ఆయుధం పట్టకుండా ఎలా అడ్డుకోవాలో నేర్పే తరగతికి మా పంపుహౌసులో నేనే శిక్షకుడిని. నెలకొక రిహార్సల్ జరిపితిమి. స్కూటరు హెల్మెట్ పెట్టుకుని, సైనికాధికారి వేషం కట్టి "నీళ్ళు ఆపండి" అని నేను గద్దించేవాడిని. ఆపరేటరు గారు "ఆపనండి. కావాలంటే మీరే ఆపుకోండి" అనవలెను. ఆవిడకు నవ్వు ఆగేది కాదు. నవ్వినందుకు రెండుసార్లు మెమో కూడా ఇచ్చితిని.

2. గత నెల పన్నెండున నిజంగానే వచ్చారు. వాళ్ళను ఎదిరిస్తూ కూడలిలో బైఠాయించిన జనాన్ని లేపడానికి ఆ చుట్టుపక్కల వీధులకు నీళ్ళు కట్టేయమని ఆజ్ఞ. ఆవిడ నవ్వలేదు. నేర్పిన మాటే పొల్లుపోకుండా అన్నారు. వచ్చిన అధికారికి తుపాకి పట్టడం వచ్చు గానీ, పద్నాలుగు వాల్వు చక్రాల్లో ఏది ఏ వీధికో తెలియదు. మా పాఠమంతా అదే కదా, మనం చూపకపోతే వాళ్ళకు దారి లేదని.

3. నేను చూపితిని. ఆయన నన్నింకా అడగనే లేదు. నా వైపు తిరిగేసరికే "తొమ్మిదోదండి" అన్నాను. తిప్పింది కూడా నేనే, ఇరవై రెండు చుట్లు. "అన్నగారూ, వద్దండి. మీరే కదా చెప్పారు" అని ఆవిడ అంటూనే ఉన్నారు. "అది క్లాసులోనమ్మా" అన్నాను.

4. డ్యూటీ ఆవిడది గనుక, పుస్తకంలో వాల్వు మూసినవారు అన్నచోట ఆవిడ పేరు వ్రాసితిని. అలవాటుకొద్దీ వ్రాశానని మొన్నటిదాకా నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం, భయపడి వ్రాశాను. మూడో రోజుకు జనం లేవక, ఏ ఆఫీసులోనూ గుమాస్తా కలం కదపక, వచ్చినవాళ్ళే వెళ్ళిపోయారు. ఆ మూడు రోజులూ పసిబిడ్డల తల్లులు బకెట్లు పట్టుకుని ఎక్కే గడప, దిగే గడపగా తిరిగారు. ఆ ఉసురంతా ఆవిడకు తగిలించాను. ఆవిడ నిజం చెప్పినా తమరు పుస్తకాన్నే నమ్మారు. ఇప్పుడు కూరగాయల కొట్లో ఆవిడ పక్కన ఎవరూ నిలబడటం లేదు.

5. నాకేమో ఉత్తమ శిక్షకుడినని పత్రం. మా ఇంటావిడ దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. దాని కింద కూర్చుంటే ముద్ద దిగడం లేదు.

కావున ఆవిడను వెంటనే ఉద్యోగంలోకి తీసుకుని, నాపై తగు చర్య తీసుకొనవలెను. ఈ సంగతి కూడలిలో నిలబడి నా నోటితోనే చెప్పుకొనుటకు అనుమతి ఇప్పించవలెను. చిత్తగించి దయ చూపవలసినది ఆవిడపైన, నాపైన కాదు.

తమ విధేయుడు
(ఈ గుణమే ఇంతకు తెచ్చింది),
పంపుహౌసు సూపర్‌వైజరు

తా.క.: ఇది మా ఇంజనీరు గారి ద్వారా రావలసిన అర్జీ. ఆయన చదివి, "మూడూ నాలుగూ కొట్టేయవయ్యా. ఆవిణ్ణి ఎలాగో నేను వెనక్కి తెప్పిస్తాలే. రిటైరయ్యే ముందు నీకెందుకీ గొడవ" అన్నారు. నా మేలు కోరే అన్నారు. కుదరదండి అన్నాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో పైవారికి కాదని చెప్పడం ఇదే మొదలు, అందుకే నేరుగా తపాలాలో పంపుతున్నాను. కుర్చీలో కూర్చున్న మంచి మనిషితో ఆ ఒక్క మాట అనడానికే నేను బల్ల అంచు పట్టుకోవలసి వచ్చింది. ఆవిడ తుపాకి ఎదురుగా నిలబడి అన్నారండి.