రీడ్ ఓన్లీలో ఉండిపోయిన స్టాకు ఫైలు

మంగళవారం, రాత్రి

ధైర్యం తగ్గకముందే ఇది రాసుకోవాలి. రేపు ఆత్మకూరు ఆఫీసులోని సార్‌ను ఒక మాట అడగాలి.

ఉదయగిరిలో మా చెక్క చెంచాల కేంద్రం తెరవగానే డేటాబేస్ ఫైళ్లు చూడటం నా పని. ఏది ఆన్‌లైన్‌లో ఉందో, ఏది రాయనిస్తుందో, ఏది రీడ్ ఓన్లీలో, అంటే చదవడానికి మాత్రమే, ఉందో చూసి సార్‌కు చెబుతాను. మార్చే అధికారం ఆయనదే. నిన్న బ్యాకప్ కోసం స్టాకు ఫైలును రీడ్ ఓన్లీ చేసి, తిరిగి మార్చడం మరిచిపోయారు. పొద్దున ఆయన ఫోను కలవలేదు. కంప్యూటర్‌లో ఎక్కనిదే మేం సరుకు తీసుకోం. సీతారామపురం నుంచి చెంచాల మూటతో వచ్చిన మరియమ్మక్క నా ఎదురుగానే కూర్చుంది.

"ఏంది పాపా, నీ పెట్టె అలిగుండాదా? బస్సు పోయిందంటే మీ ఇంట్లోనే పండుకుంటా. కూడు కూడా నువ్వే పెట్టాల!"

చివరికి సార్ ఫోనెత్తి, తన పాస్‌వర్డ్ చెప్పి, "నువ్వే మార్చెయ్యమ్మా" అన్నారు. ఫైలు పేరు మళ్లీ చదువుకుని మార్చాను. సరుకు ఎక్కింది, అక్కకు బస్సు దొరికింది.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి, నాయనకు ఆ పాస్‌వర్డ్ అంటే బీగంచెవి లాంటిదని చెప్పాను.

"ఇచ్చినాయన తిరిగి అడగలేదు గదా? నీ కాడే ఉండనీ" అని నవ్వాడు.

నాకూ సంతోషంగానే ఉంది. కానీ ఆయన పేరుతో నేను లోపలికి వెళ్తుంటే, ఏదైనా ఫైలు చెడిన రోజున ఆ తప్పు ఆయనదో నాదో ఎలా తేలుతుంది?

ఇలా రాస్తాను: సార్, మీ పాస్‌వర్డ్ మార్చుకోండి. స్టాకు ఫైలు వరకు నా పేరు మీదే అనుమతి ఇవ్వండి. ఇస్తారో లేదో శుక్రవారంలోగా చెప్పండి.