చింతగడ్డ స్టేజీ దగ్గర చెరిపిన గీత

హనుమకొండ కాపురస్తుడిని, రిటైరైన బస్సు కండక్టరును, వెంకట్రాజం అనే నేను, డెబ్బై ఏడేండ్ల వయసులో, పొద్దుటి బీపీ గోలి మింగి, రెండో చాయ్ కూడా తాగి, ఎవ్వరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా నా సొంత చేతితో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు ఇంకోటి రాసి ఉన్నానని ఎవరైనా కాగితం చూపిస్తే, అది కరెంటు బిల్లు వెనక నేను రాసుకున్న గింజల లెక్క అయి ఉంటది. నమ్మవద్దు.

స్వస్థచిత్తంతో రాస్తున్నానని మొదట పెట్టాలని వకీలు రమాకాంత్ చెప్పిండు. స్వస్థచిత్తం అంటే ఏందిరా అంటే, కుదురైన మనసు అన్నడు. అట్లయితే ఈ కాగితం చెల్లదు. ముప్పై నాలుగేండ్లు నడిచే బస్సుల నిలబడి బతికినోన్ని. నా మనసు ఒక్కకాడ కూసున్న దినం నాకు యాదికి లేదు. రమాకాంత్ జరసేపు తల గోక్కొని, "కాకా, తెలివి ఉన్నదని రాయి, సాలు" అన్నడు. తెలివి ఉన్నది. కుదురు లేదు. ఇంక మొదలుపెడుతున్న.

ఒకటి. నా భార్య సరస్వతికి, మేము కాపురముంటున్న ఇల్లు, సామాన్లు, బ్యాంకులో ఉన్నది, కిటికీ పక్క కుర్చీతో సహా సర్వహక్కులతో. ఆమె నా బస్సు ఎక్కిన ప్రతిసారీ నేను టికెట్ కొట్టిన. పెండ్లయిన కొత్తల పరకాలకు పోతుంటే, "పెండ్లానికి గూడనా?" అని బస్సంతా ఇనేటట్టు అడిగింది. "ఇంట్ల పెండ్లానివి, ఈడ పాసింజరువి" అన్న. ఆ టికెట్టు ఆమె పోపుల డబ్బా అడుగున దాచింది. కోపం వచ్చినప్పుడల్లా తీసి నా ముందు పెడుతది. సదరు టికెట్టు మీద నాకు గాని నా వారసులకు గాని ఎలాంటి హక్కూ లేదని ఇందుమూలంగా ఒప్పుకుంటున్న.

రెండు. పటం. ఇది నా బిడ్డ సుభాషిణి కూతురు లావణ్యకు.

పటమంటే ఏందో తెలియనోళ్ల కోసం నాలుగు ముక్కలు. నాలుగు డ్రాయింగు షీట్లు పాత ధోతి మీద అంటించి, చుట్టి, బోరు పైపు ముక్కలో దాచిన చుట్ట అది. హనుమకొండ నుంచి అటు పరకాల దాటి, ఇటు ములుగు దాటి గోదారి ఒడ్డు దాకా, మన అడవి చెట్టు ఏది ఏడ పెడితే దానంతట అది బతుకుతదో అందులో ఉన్నది. ఊర్లు ఉండవు, బస్సు స్టేజీలు ఉంటయి. ఏడో తరగతితోని బడి ఆపినోన్ని, నాకు తెలిసిన కొలత అదే. ఒకటే రూట్ల తిరిగి తిరిగి, మోదుగు ఏ స్టేజీ కాడ ముందు పూస్తదో, ఇప్పపువ్వు ఏ తారీఖున రాలుతదో ఫుట్‌బోర్డు మీదికెల్లే రాసుకున్న. స్టేజీకొక చాయ్ హోటలాయనకో పంతులుకో వాన కొలిచే డబ్బా ఇచ్చిన. వాన పడ్డ మర్నాడు చీటీ కిటికీలకెల్లి అందించేటోళ్లు. అట్ల మూడు పట్టెలు తేలినయి. తడి పట్టెల పెద్దేగి, జిట్రేగి. పొడి పట్టెల నారేప, చండ్ర. నడిమి పట్టెల ఇప్ప. తన పట్టె కాని చెట్టును తెచ్చి పెట్టి, నీళ్లు పోసి పోసి బతికించుడు పెంచుడు కాదు, దవాఖానల పెట్టుడు.

షరతు: ఐదేండ్లకోసారి గీతలు మళ్లీ గీయాలె. తడి పట్టె హద్దు, అదే తడి గీత, నా కండ్ల ముందే రెండు స్టేజీలు గోదారి దిక్కు జరిగింది. నేను ఈ పేరా రాస్తుండంగ గూడ జరుగుతనే ఉన్నదని నా అనుమానం. ఇక్కడిదాకా రాసి రెండుసార్లు లేచి మబ్బు చూసొచ్చిన. ఏమీ లేదు.

పోయిన నెల లావణ్య సదరు పటాన్ని మిషన్ కింద పరిచి కంప్యూటర్లకు ఎక్కించింది. కంటికి ఆనని పెన్సిలు గాట్లు గూడ ఆ మిషన్‌కు ఆనుతయట. "తాతా, చింతగడ్డ కాడ ఇంకో గీత ఉన్నది, చెరిపినట్టుంది. ఎందుకు చెరిపినవ్?" అని అడిగింది. పెన్సిలు జారింది బిడ్డా అన్న. పెన్సిలు మూడు స్టేజీల దూరం జారదు. ఆ పిల్ల నమ్మినట్టు తలకాయ ఊపింది. ఆ ఊపుడే నన్ను కూసోనిస్తలేదు. ఈ వీలునామాకు అసలు కారణం అదే, బీపీ కాదు. గీత సంగతి ఐదో పేరాలో వస్తది. ముందు సదానందం సంగతి తేల్చాలె.

మూడు. సదానందం అటవీ ఆఫీసుల పటాలు గీసి రిటైరైనోడు, మా గల్లీ చివరి ఇల్లు. 1999ల నా పటాన్ని "టికెట్ల పటం" అని నలుగురిలో నవ్విండు. నవ్వి ఊకుంటే పోయేది. "వెంకట్రాజం, అడవి బస్సు కిటికీలకెల్లి కనవడది. దిగాలె" అన్నడు. ఆనాటి సంది ఆయన ఇంటి ముందుకెల్లి పోతే నేను రోడ్డుకు అటు దిక్కు చూస్తా. ఆయన మా ఇంటి ముందుకెల్లి పోతే ఎవ్వలు అడ్డం లేకున్నా సైకిలు గంట కొడుతడు.

ఈ వీలునామాను అమలు జరిపే కార్యనిర్వాహకుడిగా సదరు సదానందాన్నే నియమిస్తున్న. సుట్టాలైతే మొహమాటానికి ఒక షరతు వదిలేస్తరు. ఆయన నా తప్పు ఒక్కటి గూడ వదలడు. జీతం లేదు. నా విజిల్ ఇస్తున్న. ఎవరు షరతు తప్పినా ఊదొచ్చు.

నాలుగు. హసన్‌పర్తి శివారులోని ఎకరం ముప్పై గుంటలు, బోరు, నర్సరీ పందిరి, పదకొండు సాళ్ల ఇప్ప చెట్లు నా బిడ్డ సుభాషిణికి, దాన విక్రయాది అధికారాలతో. అయితే 2041 దాకా ఆ పదకొండు సాళ్లు కొట్టరాదు. ఒక్కో సాలు ఒక్కో స్టేజీ గింజ. ఏ స్టేజీ ఇప్ప రాబోయే ఎండలకు ఓర్చుకుంటదో చూసే పరీక్ష అది. ఫలితం నాటికి నాకు తొంభై మూడు. హాజరయ్యే వీలుండదు.

"మా నాయినకు మోదుగు పూసిన తారీఖులన్ని యాదుంటయి, నేను పుట్టిన తారీఖు యాదుండదు" అని సుభాషిణి అత్తగారింట్ల గూడ చెప్పుకుంటది. అబద్ధం. 1979 నోటుబుక్కు తీసి చూడమను. ఫిబ్రవరి ఇరవై రెండు: ములుగు రోడ్డు మూడో స్టేజీ, మోదుగు మొదటి పూత. దాని కిందనే: బిడ్డ పుట్టింది, రెండూ ఎర్రగ ఉన్నయి. సదరు నోటుబుక్కు ఆమెకే.

ఐదు. చింతగడ్డ సమ్మమ్మకు. ఈ పేరాకు ముందు చాయ్ తాగిన, పెన్ను మార్చిన, హసన్‌పర్తి దాకా పోయి పందిరి కింద మొక్కలకు నీళ్లు పెట్టొచ్చిన. ఇంక పనులేం లేవు. రాయాలె.

సమ్మమ్మ నాకు చుట్టం కాదు, పాసింజరు. కూరగాయల గంప ఎత్తుకొని పరకాల అంగడికి పోయేది. ఆమె చెయ్యి మంచిదని ఊరంతా పేరు. మృగశిర కార్తె వస్తే చింతగడ్డల ఎవ్వరి చెల్కల విత్తనం పడాలన్నా మొదటి గింజ సమ్మమ్మ చేతితోనే వేయించేటోళ్లు.

చింతగడ్డ కాడ వాన డబ్బా మొగిలి అనే ఆయన చాయ్ హోటల్ ముందుండేది. 2000ల జాతరకు పోయేటోళ్లకు నీడ కావాలని మొగిలి రేకులు ముందుకు పొడిగించిండు. రేకుల మీదికెల్లి కారే నీళ్లు సక్కగ డబ్బాలో పడ్డయి. ఒక్కటి కాదు, మూడు వానకాలాలు. చీటీల మీద వాన పెరిగింది. అటూ ఇటూ స్టేజీలల్ల లేని వాన ఈడనే ఎందుకున్నదని ఆలోచించి, పక్క గుట్ట మబ్బును ఆపుతాందని ఒక సిద్ధాంతం కట్టిన. పదకొండు పేజీలు రాసిన. తడి గీతను మూడు స్టేజీలు ఇటు జరిపిన. బస్సు ఆ హోటల్ ముందు రెండు నిమిషాలు ఆగేది. "దిగాలె, దిగాలె" అని ఎన్ని లక్షల మందికి చెప్పిన్నో లెక్క లేదు. నేను మాత్రం ఆ మూడేండ్లల్ల చింతగడ్డ కాడ ఒక్కనాడు దిగలే.

ఆ గీతను నమ్మి, 2003ల సమ్మమ్మకు చెప్పిన: నీ రెండెకరాల చెల్కల పెద్దేగి పెట్టు, మనుమల కాలానికి కలప అయితది అని. "సాబ్, ఆ చెట్టు మా దిక్కు ఎన్నడు సూడలే గదా" అన్నది. నా సిద్ధాంతం మొత్తం చెప్పిన. ఆమెకు అర్థం కాలేదు, అందుకే నమ్మింది. నాలుగు వందల మొక్కలు, ఒక్కొక్కటీ తన చేతితోనే పెట్టింది. రెండు ఎండకాలాలు బిందెలతోని నీళ్లు మోసింది. 2005 మే నెల ఎల్లేసరికి ఒక్కటి మిగల్లే.

ఆ వానకాలమే చింతగడ్డ కాడ మా బస్సు టైరు పంచరైంది. కుండపోత. రేకుల కిందికి ఉరికిన. నా కండ్ల ముందే రేకుల నీళ్లు ధారగట్టి డబ్బాలో పడుతున్నయి. మొగిలి చాయ్ చేతికిచ్చుకుంట, "సాబ్, ఇయ్యాల మస్తు నిండింది" అన్నడు, సంబురంగ. ఆయన పోయి తొమ్మిదేండ్లయింది. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. డబ్బాను చూసుకొమ్మన్న, చూసుకున్నడు. రేకులను చూసుకొమ్మని నేను చెప్పలే.

ఇంటికొచ్చి గీత చెరిపి, ఎనుకటి కాడనే మళ్లీ గీసిన. మర్నాడు సమ్మమ్మ బస్సెక్కింది. చెప్పాలనే ఉన్నది. నేను నోరు తెరవకముందే ఆమే అన్నది: "తప్పు నీ చెట్టుది గాదు సాబ్. నా చెయ్యి గుణం పోయింది." నేను టికెట్టు కొట్టి చిల్లర ఇచ్చిన. గంతే చేసిన.

ఆ ఏడు నుంచి చింతగడ్డల మొదటి గింజకు ఆమెను పిలుస్తలేరు. విత్తనాలు పడే పొద్దు ఆమె తలుపేసుకొని ఇంట్లనే కూసుంటదని మొగిలి ఒకసారి చెప్పిండు. నేను వేరే మాట మాట్లాడిన. ఇప్పటికి ఇరవై ఏండ్లు.

కాబట్టి నా ఆజ్ఞ: నేను పోయిన పదకొండో రోజు సదానందం ఈ పేరాను చింతగడ్డ స్టేజీ కాడ నలుగురిలో గట్టిగా చదవాలె. సమ్మమ్మకు నా నర్సరీ నుంచి నాలుగు వందల నారేప మొక్కలు, గుంతల కూలితో సహా ఇవ్వాలె.

ఆరు. పై ఐదో పేరాలోని ఆజ్ఞ రద్దు. కారణం రాస్తున్న.

రాసిన కాగితాలు టేబుల్ మీద పెట్టి మబ్బు చూడబోతే, సరస్వతి చదివింది. నలభై తొమ్మిదేండ్ల కాపురంల నేను రాసింది ఆమె చదువుడు అదే మొదలు. చదివి, కండ్లద్దాలు తీసి, "బస్సు డిపోకు పోయినంక దిగుతవా?" అన్నది. లోపటికి పోయి పప్పు పోపేసింది.

మర్నాడు పొద్దున బస్సెక్కి, టికెట్టు కొనుక్కొని, చింతగడ్డ కాడ దిగిన. ఇప్పుడు రేకులు లేవు, స్లాబు పడ్డది. సమ్మమ్మ అరుగు మీద మిరపకాయ తొడిమలు తీస్తాంది. ముందు నన్ను గుర్తుపట్టలే, భుజాన కండక్టరు సంచి లేదు గదా. డబ్బా, రేకులు, గీత, అన్నీ చెప్పిన. మొత్తం ఇన్నది. జరసేపు తొడిమలు తీసింది. తర్వాత లేచింది. తర్వాత తిట్టింది.

ఆ తిట్లు రాస్తే రిజిస్ట్రారు తీసుకోడని రమాకాంత్ అంటాండు. ఒకటి మాత్రం రాయాలె. ఈ కాగితం సంగతి, నేను పోయినంక చదివిస్త అనుకున్న సంగతి గూడ చెప్పిన. "సచ్చినంక చెప్పిస్తవా? అప్పుడు నేనెవన్ని తిట్టాలె, నీ ఫోటువనా?" అన్నది. ఊరోళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డరు. ఎవ్వలూ ఆపలే. ఆమెను పిలుచుడు బందు పెట్టినోళ్లు గూడ అందులనే ఉన్నరు, వాళ్లు నేల చూసిండ్రు. రెండు బస్సులు వచ్చి పోయినయి. నేను దిగినకాడనే నిలబడ్డ.

మాఫ్ చేసిందా అని సరస్వతి అడిగింది. ఆ మాట రాలేదు, నేనూ అడగలే. ఇరవై కార్తెలు పోయినయి. ఇద్దామంటే అవి నా ఆస్తిల లేవు.

మూడో బస్సు టైముకు సమ్మమ్మ గొంతు తగ్గింది. "ఇప్పుడు మా ఊరు ఏ పట్టె?" అని అడిగింది. పొడి పట్టె అన్న. "ఏం బతుకుతది?" నారేప అన్న. "గీత గాదు, మొక్క సూపియ్యి. ఈపారి నేనే సూసి పెడుత" అన్నది.

ఇయ్యాల పొద్దున హసన్‌పర్తికి వచ్చింది. నాలుగు వందల మొక్కలు ఇస్తానంటే, "నాలుగు వందలెందుకు? ముందుగాల నాలుగు బతుకనియ్యి" అన్నది. నన్ను పక్కకు జరగమని, మడిలకెల్లి తనే నాలుగు ఏరి, వేరు తెగకుండ తీసి, కవర్లల్ల మట్టి నింపి నాటుకున్నది. ఊకె ఇచ్చేది ఇంకేదీ వద్దన్నది. అట్లయితే ఈ వీలునామాకు సాక్షిగ ఉండుమని అడిగిన. వకీలు గూడ, సాక్షి సంతకం పెట్టేటోళ్లు వీలునామాల వాటా తీసుకుంటే ముందుముందు పేచీ వస్తదన్నడు. "అయితే నాకేం రాయకు, నేను సాక్షే ఉంట. గీత ఏడున్నదో నా ముందట గీయి" అన్నది. గీసిన.

కాబట్టి సమ్మమ్మకు ఈ వీలునామా ద్వారా ఏమీ రాదు.

లావణ్యకు ఒక షరతు కలుపుతున్న: నీ కంప్యూటరు పటంల ఆ చెరిపిన గీతను మళ్లీ పెట్టు, చుక్కల గీతగ. పక్కన "ఈడ కండక్టరు దిగలేదు" అని రాయి. నీ గీతలు గీసేది ఉపగ్రహమైనా, ఇంకేదైనా, ఒక్కసారి నువ్వు దిగి చూసి రా.

ఇంతే. ఇంకా రాయాలని ఉన్నది గాని పడమర దిక్కు జర నల్లబడ్డట్టు కొడుతాంది, లేచి చూడాలె.

పై సంగతులన్నీ నేను రాసి, చదువుకొని, సరే అనుకొని, హసన్‌పర్తి నర్సరీ పందిరి కింద, 2025 జూన్ తొమ్మిది సోమవారం, మృగశిర కార్తె రెండో రోజు పెట్టిన దస్తఖతు.

(సంతకం) వెంకట్రాజం

సాక్షులు:

1. (సంతకం) రమాకాంత్, వకీలు, హనుమకొండ

2. సమ్మమ్మ, చింతగడ్డ. కుడిచేతి బొటనవేలి ముద్ర

గమనిక: రెండో సాక్షి ముద్ర చుట్టూ ఉన్నది మట్టి. దిద్దుబాటు కాదు, కొట్టివేత కాదు. దీన్ని తుడవవద్దని రాసినవాని కోరిక.